నలభై ఏడో టోకెన్

"అమ్మా, ఇందులో పెద్దమ్మ పేరు లేదేంటి?"

హారతి ఫోను ముందుకి చాపి అడిగిన ఆ ఒక్క మాటకి సత్యవేణి చేతిలోని అన్నం గిన్నె పక్కకి ఒరిగింది. వేడి గంజి పాదం మీద ఒలికింది. ఆ మంట కూడా ఆమెకి తెలియలేదు. ముందు గుమ్మం వైపు చూసింది. వసారాలో మంచం మీద పడుకున్న అత్తగారు రత్తమ్మకి తోడికోడలు అచ్చాయమ్మ తల దువ్వుతోంది. వినలేదు... వినలేదు కదా?

"నెమ్మదిగా మాట్లాడవే."

"నెమ్మదిగా ఎందుకు? పెద్దమ్మే చూడమంది. వచ్చే నెలతో తనకి యాభై ఎనిమిది నిండుతున్నాయి, పింఛనుకి పెట్టుకోవాలి, పి.ఎఫ్.లో ఎన్నేళ్ళు పడ్డాయో చూసి చెప్పవే అంది. నంబరు కొడితే ఓటీపీ నీ ఫోనుకొచ్చింది. తీరా చూస్తే పేరూ నీదే, ఫోటో నీదే. పదకొండేళ్ళూ నీ పేరునే ఉన్నాయమ్మా!"

సత్యవేణి ఫోను లాక్కుని బోర్లించింది. "ఏదో తప్పు పడుంటుంది. బుధవారం ఫ్యాక్టరీలో క్యాంపు పెడతారుగా, అక్కడ చూస్తారు. పెద్దమ్మ అడిగితే సిగ్నలు లేదని చెప్పు."

రాజమండ్రిలో డిగ్రీ చదువుతూ సెలవులకి వచ్చిన పిల్ల. తల్లి మొహంలోకి చూసింది. "నన్ను అబద్ధం చెప్పమంటున్నావా?" అంది.

సత్యవేణి కాలిన పాదం మీద నీళ్ళు పోసుకుంటూ తలొంచుకుంది. పదకొండేళ్ళుగా ఏ రోజు గురించి భయపడుతోందో ఆ రోజు ఇక వారంలోకి వచ్చేసింది.

ఆ సంగతి తెలియాలంటే పదకొండేళ్ళు వెనక్కి వెళ్ళాలి. పొలంలో మోటారు దగ్గర కరెంటు కొట్టి సత్యవేణి భర్త పోయాడు. అచ్చాయమ్మ భర్త అప్పటికే లేడు, ఆవిడకి పిల్లలూ లేరు. రెండో కొడుకు కూడా పోయేసరికి ఆ దిగులుతో రత్తమ్మగారికి ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయి. మంచంలో అత్తగారు, తొమ్మిదేళ్ళ ఆడపిల్ల, ఇద్దరు కోడళ్ళు. ఇంట్లో ఎప్పుడూ ఒకరుండాలి, బయటికెళ్ళి ఎవరో ఒకరు సంపాదించాలి. అప్పుడే ఊరి జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేయించే మేస్త్రి త్రిమూర్తులు వచ్చి, ఒక సీటు ఖాళీ అయిందని చెప్పాడు.

"పొద్దున ఒకళ్ళు, మధ్యాహ్నం నుంచి ఒకళ్ళు రండి. మా షెడ్డులో ఇది కొత్తేం కాదమ్మా. కానీ పేరు మాత్రం ఒక్కరిదే రాయించండి. ఇద్దరినీ సగం రోజు మనుషులుగా రాస్తే ఇద్దరికీ సగం జీతాలు పడతాయి. రేపు పింఛను కట్టేటప్పుడు ఆ సగం జీతం మీదే కడతారు. అది ఒకళ్ళకీ చాలదు, ఇద్దరికీ చాలదు. ఒక్క పేరయితే నిండు జీతం, నిండు పింఛను. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళు, మీలో మీకు తేడాలేంటి?"

"అయితే అక్క పేరు రాయండి బాబాయిగారు," అని ముందుగా అన్నది సత్యవేణే. "ముందు వయసయ్యేది తనకి. నాకైతే కూతురుంది."

అలా అనుకున్నారు. అనుకున్నట్టే పదకొండేళ్ళు చేశారు. పొద్దున ఎనిమిదింటికి అచ్చాయమ్మ వెళ్ళేది. ఒంటి గంట బెల్లు కొట్టేసరికి సత్యవేణి గేటు దగ్గర నిలబడేది. ఒకరి తల మీది గుడ్డ తీసి ఇంకొకరి తలకి చుట్టుకోవడం, ఒకరి మెడలోంచి నలభై ఏడు అని చెక్కిన ఇత్తడి బిళ్ళ తీసి ఇంకొకరి మెడలో వేసుకోవడం... రెండు నిమిషాల పని. "అత్తయ్యకి జావ పట్టాను", "గింజ ఇవాళ పచ్చిగా ఉంది, వేళ్ళు జాగ్రత్త" అని రెండు మాటలు. షెడ్డులో అందరూ ఇద్దరినీ కలిపి 'నలభై ఏడు' అనే పిలిచేవారు. జీతం కవరు మీదా ఆ అంకే ఉండేది. పేరు ఎక్కడా కనిపించేది కాదు.

కనిపించని ఆ పేరు మాత్రం సత్యవేణిది.

ఆ సంగతి ఆమెకి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు.

* * *

అచ్చాయమ్మ ఎప్పుడూ లేనంత హుషారుగా ఉంది ఆ వారమంతా. ఆదివారం సత్యవేణిని వెంటబెట్టుకుని బస్సులో పాలకొల్లు వెళ్ళింది, పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీయించుకోవడానికి. స్టూడియో అతను "కొంచెం నవ్వండమ్మా" అంటే, "పింఛను ఫోటోకి నవ్వితే నీకేం కష్టాల్లేవు పొమ్మంటారేమోనండి" అంది బిగదీసుకుని కూర్చుని. బయటికొచ్చాక క్షీరా రామలింగేశ్వరుడి గుళ్ళో కొబ్బరికాయ కొట్టింది. మెట్ల మీద కూర్చుని కొబ్బరి చెక్క విరిచి పెద్ద ముక్క తోడికోడలికిచ్చింది.

ఇప్పుడు చెప్పెయ్యాలి, అనుకుంది సత్యవేణి. ఇక్కడే, దేవుడి ఎదుటే...

"అక్కా..."

"నేనేం అనుకుంటున్నానో తెలుసా వేణీ? అదేం పెద్ద డబ్బు కాదు, నాకూ తెలుసు. కానీ నా పేరున వస్తుంది. రేపు హారతికి పెళ్ళవుతుంది, దాని పురుళ్ళకీ పుణ్యాలకీ నువ్వు దాని దగ్గరికి వెళ్తావు. వెళ్ళాలి కూడా. నాకెవరున్నారు? మా తమ్ముడింట్లో నాలుగు రోజులుంటే అయిదో రోజు మరదలు గిన్నెలు గట్టిగా పెడుతుంది. అదే నెలకోసారి నా పేరున ఒక కాస్త వచ్చిందనుకో, నా గంజి నేను కాచుకుంటాను. ఎవరి గుమ్మంలోనూ నిలబడక్కర్లేదు." ఆవిడ తన చేతివేళ్ళు చూసుకుని నవ్వింది. జీడి నూనె తిని తిని వేళ్ళ చివర్లు నల్లగా, నున్నగా అయిపోయాయి. "ఈ వేళ్ళకి ఇంక ఏ వేలిముద్రా పడదులే. ఏం అన్నావు ఇందాక?"

"ఏం లేదక్కా. ఎండ ఎక్కుతోంది... వెళ్దామా అని."

నోటిదాకా వచ్చిన మాట కొబ్బరి ముక్కతోపాటు లోపలికి దిగిపోయింది.

సోమవారం మధ్యాహ్నం షిఫ్టుకి కాస్త ముందే వెళ్ళి ఆఫీసు గదిలో గుమస్తా అచ్చిబాబుని కలిసింది. రెండేళ్ళ క్రితం వచ్చిన కుర్రాడు, మంచివాడే. బల్ల దగ్గర నిలబడి, నలభై ఏడో నంబరు మీద పేరు మార్చడానికి వీలవుతుందా అని అడిగింది.

అతను లేచి ముందు తలుపు దగ్గరికి వేశాడు. "మెల్లగా మాట్లాడండి పిన్నిగారూ. మీ అక్కగారికి తెలియదా? నేను తెలుసనే అనుకున్నానండి. పదకొండేళ్ళ సర్వీసు ఒకళ్ళ మీంచి ఇంకొకళ్ళ మీదికి ఎలా మారుస్తారు? ఆవిడకి ఇప్పుడు కొత్తగా పేరు రాసినా యాభై ఎనిమిది దాటాక పింఛనులోకి పడదు. ఇంకో మాట... ఒక పేరు మీద ఇద్దరు చేశారని పైవాళ్ళ చెవిన పడిందంటే ఆ సర్వీసే చెల్లదనొచ్చు. మీ సీటు పోతుంది, త్రిమూర్తులుగారు పోతారు, నా కుర్చీ పోతుంది. దండం పెడతాను, బుధవారం క్యాంపులో ఈ మాట ఎత్తకండి."

అంటే చెప్పకపోతే అక్క అక్కడికొచ్చి అడుగుతుంది. అక్క అడిగితే అందరిదీ పోతుంది. ఆ రోజు సత్యవేణి చేతిలో ఒక్క పప్పూ గుండుగా నిలవలేదు. పొట్టు తీస్తుంటే అన్నీ బద్దలైపోయాయి. త్రిమూర్తులు తట్టలోకి చూసి, "ఏంటి నలభై ఏడూ, నిద్రపోతున్నావా?" అని వెళ్ళిపోయాడు.

మంగళవారం సాయంత్రం మళ్ళీ అనుకుంది. అచ్చాయమ్మ అరుగు మీద కూర్చుని వేళ్ళకి ఆముదం రాసుకుంటోంది. పక్కన కూర్చుంది కూడా. అంతలో లోపల రత్తమ్మగారికి మంచినీళ్ళు కొరబోయాయి. ఇద్దరూ పరుగెత్తారు. అచ్చాయమ్మ అత్తగారిని గుండెకి ఆనించుకుని వీపు నిమిరింది. ముసలావిడ ఊపిరి తిప్పుకునేదాకా కదలలేదు. ఆ చేతులు చూస్తుంటే సత్యవేణికి నోరు పెగల్లేదు. రేపు పొద్దున చెబుతాను, తప్పకుండా చెబుతాను అనుకుంది.

పొద్దున లేచి చూస్తే అచ్చాయమ్మ మంచం ఖాళీ. ఆకుపచ్చ గళ్ళ చీర కట్టుకుని, బిళ్ళ మెడలో వేసుకుని, పెందలాడే వెళ్ళిపోయింది. అత్తగారిని హారతికి అప్పగించి సత్యవేణి చెప్పులు కూడా వేసుకోకుండా కాలవ గట్టు మీద పరుగెత్తింది.

* * *

ప్యాకింగ్ హాల్లో ఫ్యాను కింద బల్ల వేశారు. పి.ఎఫ్. ఆఫీసు మేడం ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది, పక్కన అచ్చిబాబు రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాడు. సత్యవేణి వెళ్ళేసరికే అచ్చాయమ్మ వరసలో రెండో మనిషి. ముందు కృపారాణి ఉంది. మోకాళ్ళ నొప్పులని మూడేళ్ళ క్రితం సగం రోజుకి రాయించుకున్న మనిషి.

"అదేంటి మేడం, ఇంత తక్కువా? నేను పందొమ్మిదేళ్ళు చేశానండి."

"సర్వీసంతా కలిసిందమ్మా. కానీ పింఛను చివరి అయిదేళ్ళ జీతం సగటు తీసి కడతారు. మీరు అందులో మూడేళ్ళు సగం జీతానికే చేశారు కదా. అందుకని తగ్గింది."

"మరి ముందు పదహారేళ్ళు నిండు రోజులు చేశాను కదండి..."

మేడం జాలిగానే చూసింది. "ఆఖర్లో సగానికి వచ్చేముందు ఒక మాట ఎవరినైనా అడగాల్సిందమ్మా."

కృపారాణి కళ్ళు ఒత్తుకుంటూ పక్కకి జరిగింది. అచ్చాయమ్మ ఆమె భుజం తట్టి బల్ల ముందుకి వెళ్ళింది. సత్యవేణి జనాన్ని తోసుకుంటూ వస్తూ, "అక్కా, ఆగు..." అంది. ఆ మాట అక్కదాకా చేరలేదు.

అచ్చాయమ్మ మెడలోంచి ఇత్తడి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది. "నలభై ఏడండి."

మేడం నొక్కి చూసింది. "సత్యవేణి?"

"కాదండి. అది మా తోడికోడలు. నా పేరు అచ్చాయమ్మండి."

"అచ్చాయమ్మ అనే పేరు ఈ ఫ్యాక్టరీలోనే లేదమ్మా. ఈ నంబరు మొదటినుంచీ సత్యవేణిగారిది. ఇదిగో ఫోటో." ల్యాప్‌టాప్ ఇటు తిప్పింది. "మరి ఈ బిళ్ళ మీ దగ్గరెందుకుంది? మీరిక్కడ పని చేస్తున్నారా?"

హాల్లో గ్రేడింగ్ జల్లెళ్ళు ఆగిపోయాయి. అచ్చిబాబు మొహం తెల్లబోయింది. త్రిమూర్తులు తలుపు దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. అచ్చాయమ్మ ఆ ఫోటో వైపు చూసింది. పదకొండేళ్ళ కిందటి సత్యవేణి, బొట్టు లేని నుదురు, బెదిరిన కళ్ళు. తర్వాత మెల్లగా తల తిప్పి, వరస పక్కన స్తంభానికి ఆనుకుని నిలబడ్డ మనిషిని చూసింది. ఆ కళ్ళూ అలాగే ఉన్నాయి. ఏం జరిగిందో ఆవిడకి అంతా అర్థమైపోయింది. నోరు తెరిస్తే ఏం జరుగుతుందో కూడా అర్థమైంది.

సత్యవేణికి ఆ క్షణం ఎంతసేపు సాగిందో తెలియదు.

"లేదండి," అంది అచ్చాయమ్మ. "నేనిక్కడ పని చెయ్యనండి. మా తోడికోడలికి తోడొచ్చాను. బిళ్ళ పట్టుకోమంటే పట్టుకున్నాను."

మేడం కళ్ళు ఆవిడ చేతుల మీదికి వెళ్ళాయి. "మరి ఆ వేళ్ళేంటి?"

అచ్చాయమ్మ చేతులు పమిట కిందికి లాక్కుంది. "జంగారెడ్డిగూడెంలో మా తమ్ముడికి జీడి తోట ఉందండి. అక్కడ కాయలు కొడుతుంటాను."

మేడం ఇంకేమీ అడగలేదు. సత్యవేణిని పిలిచి, మొహం సరిచూడాలని ఫోను ఎదురుగా పెట్టింది. "కళ్ళు ఒకసారి ఆర్పండమ్మా... మళ్ళీ... ఏంటిది, కళ్ళనిండా నీళ్ళుంటే పట్టడం లేదు. తుడుచుకోండి."

ఎన్నిసార్లు తుడుచుకున్నా ఆగలేదు. చివరికి అచ్చాయమ్మే దగ్గరికొచ్చి తన పమిట చెంగుతో ఆ మొహం గట్టిగా తుడిచింది. ఫోను అప్పుడు ఆ మొహాన్ని పట్టుకుంది.

* * *

ఇంటికి వచ్చే దారంతా అచ్చాయమ్మ నాలుగడుగులు ముందే నడిచింది. వచ్చి అత్తగారికి ఒళ్ళు తుడిచింది, జావ పట్టింది, గిన్నె కడిగింది. అన్నీ అయ్యాక పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గర కూర్చుని, "ఇప్పుడు చెప్పు," అంది.

సత్యవేణి ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడింది. "ఆ రోజు నువ్వు మీ తమ్ముడింట్లో ఉన్నావక్కా. సాయంత్రంలోగా కాయితాలు ఇవ్వకపోతే సీటు ఇంకొకరికి పోతుందన్నారు. ఆధార్ కార్డు కావాలన్నారు..."

"నా కార్డు ఇంట్లోనే ఉంది."

సత్యవేణి తలెత్తలేకపోయింది.

"పెట్టెలో, నా పెళ్ళి చీర మడతలో. అక్కడుందని నీకు తెలుసా, తెలియదా?"

కార్డు దొరకలేదు అనే మాట పదకొండేళ్ళుగా తయారుగా పెట్టుకుంది. రాత్రీ పగలూ అద్దం ముందు అప్పజెప్పుకున్నట్టు అప్పజెప్పుకుంది. తీరా ఆ కళ్ళ ముందు ఆ మాట రాలేదు. "తెలుసక్కా. పెట్టె తీశాను. కార్డు చేత్తో పట్టుకున్నాను కూడా. ఆయన పోయి నలభై రోజులే అయింది... పిల్ల ఆకలని ఏడుస్తోంది... ఈ ఒక్కటైనా నా పేరున ఉంటే బాగుండునని బుద్ధి పుట్టింది. మళ్ళీ పెట్టెలో పెట్టేశాను. తర్వాత మార్పిద్దామనుకున్నాను. ఇవాళ, రేపు అనుకుంటూ..." వెక్కిళ్ళలో మాట తెగిపోయింది.

అచ్చాయమ్మ నీళ్ళ తొట్టిలో చేతులు ముంచి కడుక్కుంది. "అడిగితే ఇచ్చేదాన్ని," అంది. "అక్కా, భయంగా ఉంది, ఇది నా పేరున పెట్టుకుంటాను అని అడిగితే, పెట్టుకోవే అనేదాన్ని. ఇవాళ ఏం చేయించావే నా చేత... పదకొండేళ్ళు చలిలో వానలో వెళ్ళి కూర్చున్న చోట నిలబడి, నేనిక్కడ పని చెయ్యను అని నా నోటితో నేనే చెప్పాను. వాళ్ళందరూ వింటుండగా."

లేచి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు అచ్చాయమ్మ షిఫ్టుకి వెళ్ళలేదు. అత్తగారి మంచం పక్కన కూర్చుంది. సత్యవేణి ఒంటి గంటకి వెళ్తే గేటు దగ్గర ఎవరూ లేరు. తలగుడ్డా బిళ్ళా తనే సంచిలో తీసుకెళ్ళింది. రెండో రోజూ అంతే. మూడో రోజు త్రిమూర్తులు పక్కకి పిలిచి, "పొద్దున సీటు ఖాళీగా ఉంటే సగం రోజే వేస్తానమ్మా. తప్పదు," అన్నాడు. ఇంటికొచ్చేసరికి వసారాలో అచ్చాయమ్మ సంచి సర్ది ఉంది. జంగారెడ్డిగూడెం వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళే సంచి. వెళ్ళిపోతోంది... అక్క వెళ్ళిపోతోంది. మంచంలోంచి రత్తమ్మగారు పలకని నోటితో ఏదో అంటూ పనిచేసే చేత్తో ఆ సంచి వైపే చూపిస్తోంది.

"త్రిమూర్తులు ఏమన్నాడు?" అంది అచ్చాయమ్మ. మూడు రోజుల తర్వాత ఆవిడ నోటినుంచి వచ్చిన మొదటి మాట.

"సగం రోజు వేస్తాడట."

"కృపారాణి గతి చూశావుగా. నువ్వు కూడా ఆఖర్లో సగానికి దిగి, ఉన్నది కాస్తా సగం చేసుకుంటావా? నేను చేసిన పొద్దుటి పూటలు కూడా అందులోనే ఉన్నాయి, ఒక్క నీవే కాదు. వాటిని నువ్వు పాడుచేస్తే నేను ఊరుకోను." సంచి దగ్గరికి వెళ్ళి ఒక్కొక్క చీరే తీసి దండెం మీద వేయడం మొదలుపెట్టింది. "సోమవారం నుంచి రెండు పూటలా నువ్వే వెళ్ళు. నీ పింఛనుకి ఇంకా ఏడేళ్ళుంది. అత్తయ్యని నేను చూసుకుంటాను."

"అక్కా..."

"కాళ్ళు పట్టుకోకు. కోపం పోయిందనుకోకు కూడా. పోయిన రోజు నేనే చెబుతాను."

గుమ్మంలో నిలబడ్డ హారతి నెమ్మదిగా అంది. "పెద్దమ్మా, అమ్మకి ఏదైనా అయితే ఆ పింఛను అమ్మతోనే ఆగిపోతుంది. తోడికోడలికి రాదు. నేను మొత్తం చదివాను."

అచ్చాయమ్మ ఆఖరి చీర దులిపి దండెం మీద వేసింది.

"విన్నావా? అంచేత నువ్వు నా కంటే ముందు పోవడానికి వీల్లేదు. నా ముసలితనం నీ దగ్గర దాచుకున్నాను. జాగ్రత్తగా ఉండు. ఆ పాదం మీద కాలిన పుండుకి ఏదైనా రాశావా, లేదా?"

సోమవారం సత్యవేణి ఎనిమిదింటికే వెళ్ళి సీట్లో కూర్చుంది. పొద్దుటిపూట వెలుగు సీటు ఎదుటి కిటికీలోంచి కళ్ళలో ఇంతగా కొడుతుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు. ఇన్నేళ్ళూ అక్క ఈ వెలుగులోనే కళ్ళు చికిలించుకుని పొట్టు తీసిందన్నమాట. ఒంటి గంట బెల్లు కొట్టగానే అలవాటు కొద్దీ గేటు దగ్గరికి నడిచింది. ఎవరూ ఉండరని తెలుసు.

అచ్చాయమ్మ నిలబడి ఉంది, చేతిలో క్యారేజీతో. ఎండకి మొహం కందిపోయి, కాస్త ఆయాసపడుతోంది.

"అత్తయ్య దగ్గర హారతి ఉందిలే. వంకాయ కూర వేడిగా ఉంది, తిను."

సత్యవేణి చేతులు వాటంతటవే తలగుడ్డ విప్పాయి. మెడలోని ఇత్తడి బిళ్ళ తీసి ఎదుటి మెడలో వేయబోయాయి. అచ్చాయమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. నల్లటి వేళ్ళతో బిళ్ళని తిరిగి తోడికోడలి మెడలోనే వేసి, పమిట కిందికి సర్దింది.

"నాకెందుకే? నేనిక్కడ పని చెయ్యనుగా," అంది.

అని, అయిదు రోజుల్లో మొదటిసారి నవ్వింది. సత్యవేణికి నవ్వు రాలేదు. క్యారేజీ చేత్తో పట్టుకుని, కాలవ గట్టు మీద ఎండలో ఆగి ఆగి నడిచి వెళ్తున్న ఆ మనిషి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. ఆవిడ ఆయాసం తీర్చుకోవడానికి ఆగిన ప్రతిసారీ సత్యవేణి ఊపిరి కూడా ఆగుతూనే ఉంది.